కడుపుతో ఉన్న మనిషిని ఎవరడిగారు?

2024 ఆగస్టులో ఒక విశ్వవిద్యాలయంలో, కరోనా కాలపు తెలుగు సాహిత్యం మీద జరిగిన సదస్సుకి వెళ్లాను. రెండు రోజుల పత్రాలు. వలస కార్మికుల నడక మీద ఆరో ఏడో, ఆన్‌లైన్ చదువుల మీద మూడు, లాక్‌డౌన్‌లో పెరిగిన ఇంటి హింస మీద రెండు. పురుడు మీద ఒక్కటీ లేదు. నేను చదివిందీ కవిత్వంలో శరీరం మీదే గానీ పురుడు మీద కాదు కాబట్టి ఆ లోటులో నాకూ వాటా ఉంది. రెండో రోజు టీ విరామంలో, నేను ఎంతో గౌరవించే ఒక సీనియర్ రచయిత్రి అన్నారు: “కోవిషీల్డ్‌తో రక్తం గడ్డకడుతుందని ఆ కంపెనీ వాళ్లే లండన్ కోర్టులో ఒప్పుకున్నారుగా. గర్భిణులకి మొదట్లో టీకా ఆపడం ఎంత మంచిదైందో చూడండి. పటాన్‌చెరు నుంచీ మనం చెబుతున్నది అదే కదా!” చుట్టూ ఉన్నవాళ్లం తలలూపాం. నేనూ ఊపాను.

అలా తల ఊపినందుకు ఈ వ్యాసం.

ఎందుకంటే ఆ మాట నేను అంతకు మూడేళ్ల ముందే ఒకసారి అన్నాను. చెల్లితో అన్నాను. మా పిన్ని కూతురు ఒక జిల్లా కేంద్రంలో ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. 2021 జనవరి 16న టీకా మొదలైనప్పుడు ముందు వరసలో ఆరోగ్య సిబ్బందే ఉన్నారు. గర్భిణులకీ బాలింతలకీ మాత్రం వేయొద్దని కేంద్రం అప్పుడే రాష్ట్రాలకి చెప్పింది. తనకి అయిదో నెల నడుస్తోంది. ఆ నెలాఖరులో ఒక రాత్రి ఫోన్ చేసింది. “అక్కా, నాకు ఇంకా కడుపు పెద్దగా కనబడట్లేదు. చెప్పకుండా వేయించుకుందామనుకుంటున్నా. రోజూ ఆ వార్డులోనే డ్యూటీ. నువ్వు చదివినదానివి కదా, ఏమంటావు?”

నేను చదివినదాన్నే. స్త్రీవాద కవిత్వంలో పునరుత్పత్తి రాజకీయాలు నా పీహెచ్‌డీ అంశం. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ని పేద ఆడవాళ్ల మీద ప్రయోగిస్తూ, అది ప్రయోగమని కూడా వాళ్లకి చెప్పకపోవడం, స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి నిలదీయడం, 1986లో సహేలీ, చింగారీలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లడం - ఇదంతా నా సిద్ధాంత గ్రంథం రెండో అధ్యాయం. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల గిరిజన బాలికలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టిన సంగతి ఫుట్‌నోట్‌లో రాశాను. అంత చదివిన దాన్ని కాబట్టి క్షణం ఆలోచించకుండా చెప్పాను: “వద్దే. మన మీద ప్రయోగాలు చేస్తున్నారు. కడుపుతో ఉన్నప్పుడు అసలే వద్దు.”

తను సరే అంది.

మే రెండో వారంలో, ముప్ఫై రెండో వారం గర్భంతో, తనకి జ్వరం, దగ్గు, ఆయాసం. ఏ ఆస్పత్రిలో కరోనా రోగులకి సెలైన్లు పెట్టిందో ఆ ఆస్పత్రే “గర్భిణి కేసు, మావల్ల కాదు” అంది. మా మరిది కారులో అరవై కిలోమీటర్లు తీసుకెళ్లి మరో చోట చేర్చాడు. ఆక్సిజన్ పడిపోతోందని ఆ రాత్రే సిజేరియన్ చేశారు. కాగితాల మీద సంతకం మరిదిది. తను స్పృహలోనే ఉంది, మాట్లాడుతూనే ఉంది, పెన్ను పట్టుకోగలదు. కిలోన్నర ఆడపిల్ల. పుట్టగానే వేరే గదికి తీసుకెళ్లారు. తల్లికి పాజిటివ్ కాబట్టి చూపించకూడదన్నారు. రెండో రోజుకి పాలు పడ్డాయి. పిండి పారబోయమన్నారు. పిల్లకి డబ్బాపాలు పట్టారు. అయిదో రోజు పిల్ల పోయింది. మా బాబాయి, మరిది కలిసి పాతిపెట్టి వచ్చారు. తనకి ఏడో రోజు చెప్పారు. తన దగ్గర పిల్లది ఒక ఫోటో ఉంది, వార్డు ఆయమ్మ జాలిపడి ఫోన్లో తీసింది.

టీకా వేయించుకుని ఉంటే ఆ పిల్ల బతికేదని నేను అనడం లేదు. అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు, ఎవరి దగ్గరా ఉండదు. నేను అనేది వేరు. ఆ అయిదు నెలల్లో తన శరీరం గురించి నిర్ణయాలు తీసుకున్నవాళ్లు చాలామంది: ఆరోగ్య మంత్రిత్వ శాఖ, తను పనిచేసిన యాజమాన్యం, డాక్టర్లు, మొగుడు, చివరికి నేను. అందరం “నీ మంచికే” అన్నాం. అందులో నా గొంతు స్త్రీవాదానిది కావడమే ఇక్కడ అసలు సమస్య.

ముందు, ఈ జబ్బు కడుపుతో ఉన్న మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోకుండా మాట్లాడటం మనకి తగదు. నెలలు నిండుతున్న కొద్దీ గర్భసంచి పైకి పెరిగి ఊపిరితిత్తుల కింది పొరని నెడుతుంది. ఊపిరికి చోటు తగ్గుతుంది, ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టే గుణమూ గర్భంలో మామూలుగానే ఎక్కువ. ఇదే వైరస్ ఆమెకీ ఆమె మరిదికీ సోకితే ఆమెకే ఎక్కువ ప్రమాదం కావడానికి ఇవన్నీ కారణాలు. 18 దేశాల్లో, 43 ఆస్పత్రుల్లో, కోవిడ్ సోకిన 706 మంది గర్భిణుల్ని, సోకని 1424 మందిని పోల్చి చేసిన అధ్యయనం 2021 ఏప్రిల్‌లో వచ్చింది. సోకినవాళ్లలో తల్లి చనిపోయే ప్రమాదం 22 రెట్లు. గుర్రపువాతానికి ముందు వచ్చే ఆ బీపీ, నెలలు నిండకుండా కాన్పు కావడం, రెండూ వాళ్లలో ఎక్కువే. అమెరికాలో పన్నెండు లక్షల పైచిలుకు కాన్పుల లెక్కలు అదే ఏడు నవంబరులో ప్రకటించారు. కోవిడ్ ఉన్న తల్లుల్లో బిడ్డ కడుపులోనే చనిపోవడం దాదాపు రెట్టింపు, డెల్టా రకం వ్యాపించిన నెలల్లో నాలుగు రెట్లు.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది మాయ సంగతి. వైరస్ తల్లి నుంచి బిడ్డకి కడుపులో నేరుగా సోకడం అరుదే. కొందరిలో మాత్రం అది మాయ మీదే పడుతుంది. మాయ నిండా ఫైబ్రిన్ పేరుకుని గట్టిపడుతుంది, కణాలు చచ్చిపోతాయి, బిడ్డకి వైరస్ సోకకుండానే ఆక్సిజన్ అందక ప్రాణం పోతుంది. పన్నెండు దేశాల నుంచి ఇలా పోయిన అరవై ఎనిమిది మంది పిల్లల మాయల్ని పరీక్షించి రాసిన పత్రం 2022లో వచ్చింది. తల్లికి మామూలు జలుబులా వచ్చి పోయినా ఇది జరగొచ్చు. ‘మాయ’ మీద తెలుగు కవులు రాసిన వేదాంతం గ్రంథాలయాల నిండా ఉంది. ఈ మాయ మీద ఎవరు రాశారు?

మన దేశం లెక్కే చూద్దాం. మహారాష్ట్ర ఆస్పత్రుల నుంచి సేకరించిన ‘ప్రెగ్‌కోవిడ్’ రిజిస్ట్రీలోని 1530 మంది గర్భిణులు, బాలింతల వివరాల్ని ఐసీఎంఆర్ 2021 జూన్‌లో ప్రకటించింది. మొదటి అలలో సోకిన నూరుమందిలో చనిపోయినవాళ్లు 0.7. రెండో అలలో 5.7. ఈ అంకెలు జూన్‌లో వచ్చాయి. గర్భిణులకి టీకా అనుమతి జూలై 2న వచ్చింది. రెండో అల ఏప్రిల్, మే నెలల్లో వచ్చి వెళ్లిపోయింది. ఈ మూడు తేదీల్ని పక్కపక్కన పెట్టి చదవండి.

ఎందుకు ఆలస్యం? “గర్భిణుల మీద టీకా పనితీరుకి సమాచారం లేదు” అన్నారు. ఎందుకు లేదు? టీకా ప్రయోగాల నుంచి గర్భిణుల్ని మొదటే మినహాయించారు కాబట్టి. సమాచారం లేదు కాబట్టి వద్దు, వద్దు కాబట్టి సమాచారం లేదు. ఈ గానుగ చుట్టూ తిరిగింది మన ప్రభుత్వం ఒక్కటే కాదు, ప్రపంచమంతా తిరిగింది. దీనికి మూలం థాలిడోమైడ్ అంటారు. 1961, 62లలో ఆ మందుని ఉపసంహరించేలోపు వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. ఆ దుర్ఘటన నుంచి లోకం నేర్చుకున్న పాఠమేమిటి? గర్భిణుల్ని పరీక్షల దగ్గరికి రానివ్వకూడదని. 1977లో అమెరికా మందుల సంస్థ ఇంకో అడుగు ముందుకేసి, పిల్లల్ని కనే వయసున్న ఆడవాళ్లందర్నీ తొలి దశ ప్రయోగాల నుంచి తప్పించమంది. 1993 దాకా అదే నడిచింది. కానీ థాలిడోమైడ్ ఘోరం గర్భిణుల్ని ప్రయోగంలో చేర్చుకోవడం వల్ల జరగలేదు. గర్భంలో ఏం చేస్తుందో పరీక్షించకుండా ఆ మందుని గర్భిణులకి అమ్మడం వల్ల జరిగింది. తప్పు ఒకటి, దానికి దిద్దుబాటు ఇంకొకటి. జాగ్రత్తగా, చెప్పి, అడిగి, వందమంది మీద చేయాల్సిన పరీక్షని తప్పిస్తే, అది చెప్పాపెట్టకుండా లక్షలమంది మీద జరుగుతుంది. టీకా లేకుండా డెల్టాకి ఎదురు నిలబెట్టడం ప్రయోగం కాదా? దానికి అంగీకార పత్రం ఎవరిచ్చారు?

ఇక పటాన్‌చెరు దగ్గరికి రావాలి, ఎందుకంటే నేను మా చెల్లికి చెప్పింది పటాన్‌చెరు పేరు మీద. అక్కడికి వెళ్లినవాళ్లు ఏమడిగారు? ఇది ప్రయోగమని ఈ ఆడవాళ్లకి చెప్పారా, దీనివల్ల వచ్చే ఇబ్బందులు చెప్పారా అని అడిగారు. విషయం తెలిశాక చాలామంది ఆడవాళ్లు తమకు తామే లేచి వెళ్లిపోయారు. ఆ ఆడవాళ్ల తరఫున వద్దని సంఘం వాళ్లు నిర్ణయించలేదు. తెలిసింది చెప్పారు, వాళ్లే నిర్ణయించుకున్నారు. ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం వేసిన ఉద్యమం మనది. సందేహం అడిగిన ఆడదానికి సమాధానం ఇవ్వడం దాని పద్ధతి. మన తరానికి వచ్చేసరికి పద్ధతి పోయి అనుమానం మాత్రం మిగిలింది. చెల్లి అడిగింది, నేను తీర్పు చెప్పాను. ఖమ్మంలో వార్డెన్ సంతకం పెట్టినట్టే, తన బదులు నేను పెట్టేశాను. వార్డెన్ ‘సరే’ అని రాసింది, నేను ‘వద్దు’ అని రాశాను, అంతే తేడా.

ఆ రోజున నేను చెప్పగలిగింది లేకపోలేదు. గర్భిణుల మీద ఈ టీకాల్ని పరీక్షించలేదనీ, ఇందులో బతికున్న వైరస్ లేదా పెరిగే వైరస్ లేదనీ, జబ్బు సోకితే గర్భిణులు ఐసీయూ దాకా వెళ్లడం ఎక్కువని అప్పటికే వేరే దేశాల లెక్కలు చెబుతున్నాయనీ, నీ వార్డులో నీకున్న ప్రమాదం నీకే బాగా తెలుసనీ చెప్పొచ్చు. 2021 ఏప్రిల్ నాటికి బ్రిటన్ గర్భిణులకి టీకా ఇవ్వమంది. అదే నెలలో అమెరికాలో టీకా వేయించుకున్న ముప్ఫై అయిదు వేల పైచిలుకు గర్భిణుల తొలి వివరాలు ప్రచురించారు, భయపడాల్సిందేమీ కనబడలేదన్నారు. అవి వేరే రకం టీకాలన్నది నిజమే. అదీ చెప్పొచ్చు. నేను ఇవేవీ వెతకలేదు. కవిత్వం మీద ఒక ఫుట్‌నోట్ కోసం మూడు గ్రంథాలయాలు తిరిగిన దాన్ని, చెల్లి ప్రాణం కోసం ఒక గంట కూర్చోలేదు.

సదస్సులో ఆ సీనియర్ రచయిత్రి ఎత్తిన కోర్టు సంగతి కూడా తేల్చుకుందాం. ఆ టీకాతో అరుదుగా రక్తం గడ్డకట్టే ప్రమాదం 2024లో కొత్తగా బయటపడింది కాదు, 2021 మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఐరోపా సంస్థలు ప్రకటించాయి. ప్రమాదం నిజమే, చాలా అరుదు అన్నదీ నిజమే. మరి అదే రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని కోవిడ్ ఎన్ని రెట్లు పెంచుతుందో కూడా చెప్పాలి కదా? ఒక పళ్లెంలోనే బరువు వేసి తక్కెడ చూపించడం ప్రభుత్వాలు చేసే పని. మనం కూడానా?

‘రక్షణ’ అనే మాటకి ఆ ఏడాది ఎన్ని అర్థాలు వచ్చాయో! 2021 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ పంచాయతీ ఎన్నికల డ్యూటీ చేసి చనిపోయిన ఉపాధ్యాయుల్లో ఎనిమిదో నెల గర్భిణి ఉంది. టీకాకి పనికిరాని కడుపు ఎన్నికల డ్యూటీకి పనికొచ్చింది. అంతకు ముందటేడు జూన్‌లో నోయిడాలో ఎనిమిది నెలల గర్భిణి పదమూడు గంటల్లో ఎనిమిది ఆస్పత్రులు తిరిగి అంబులెన్సులో చనిపోయింది. ఏప్రిల్‌లో మన గద్వాల వైపు నుంచి బయల్దేరిన ఒకామె ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి చనిపోతే విషయం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. పరీక్ష ఫలితం రాలేదన్న సాకుతో కాన్పులు ఆపకూడదని ఐసీఎంఆర్ 2020 మేలోనే రాసిపెట్టింది. గేటు దగ్గర కాపలావాడి చేతిలో ఆ కాగితం లేదు. చేర్చుకోనివాళ్లంతా చెప్పిందొకటే: “ఇక్కడ ఉంటే మీకే ప్రమాదం.”

ఇక తల్లీబిడ్డల్ని విడదీయడం. దీని మీద నాకు ఇప్పటికీ నిదానంగా రాయడం చేతకాదు. తల్లి మాస్కు వేసుకుని, చేతులు కడుక్కుని బిడ్డని దగ్గరే ఉంచుకోవచ్చని, పాలివ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. మొదట విడదీయమన్న అమెరికా పిల్లల వైద్యుల సంఘం అదే ఏడు జూలైలో మాట మార్చుకుంది. పైన చెప్పిన 18 దేశాల అధ్యయనంలో పాలివ్వడం వల్ల పిల్లలకి సోకుతున్న దాఖలా కనబడలేదు. నెల తక్కువ పిల్లల్ని తల్లి రొమ్ముకి ఆనించి ఉంచే కంగారూ పద్ధతిని అందరికీ అందిస్తే లక్షా పాతిక వేల మంది పసిపిల్లలు బతుకుతారనీ, విడదీసినందువల్ల జరిగే నష్టం కోవిడ్ నష్టంతో పోల్చలేనంత ఎక్కువనీ 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థే లెక్కగట్టి చెప్పింది. రెండు నెలల తర్వాత, మే నెలలో, కిలోన్నర పిల్లకి తల్లి పాలు పారబోసి డబ్బాపాలు పట్టారు. సలహా ఎవరూ అడగలేదు, ఆ తల్లి నర్సు అయినా సరే.

మా అమ్మమ్మ పురుళ్లన్నీ పెరటి వైపు చీకటి గదిలో జరిగాయి. పదకొండు రోజులు మైల. కంచం వేరు, చెంబు వేరు, ముట్టుకుంటే స్నానం. ఆ మైల మీద నేను ఎంత కోపంగా రాశానో ఈ పత్రిక పాఠకులకి తెలుసు, ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ ఆ మైల కూడా తల్లినీ పిల్లనీ కలిపే వెలేసింది. ఒకే గదిలో, ఒకే నులకమంచం మీద. అంటు పేరుతో పిల్లని తల్లి నుంచి వేరు చేసే ఆలోచన మా అమ్మమ్మ అత్తగారికి కూడా రాలేదు.

పురిటి గదిని తెలుగు కవిత్వంలోకి తెచ్చింది మనం. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ రాశాక, 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చాక, ఆ నొప్పిని మాతృత్వ మహిమగా పాడటం కొంచెమైనా సిగ్గుపడాల్సిన పని అయింది. మరి కరోనా కవిత్వంలో? నడిచి నడిచి రోడ్డు మీద ప్రసవించి మళ్లీ నడిచిన వలస తల్లి మీద నేను చదివిన సంకలనాల్లోనే పదకొండు కవితలున్నాయి. ఆమె భూమాత, భరతమాత, ఓర్పు. పాజిటివ్ అని రాసిన కాగితం పట్టుకుని ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డ గర్భిణి ప్రతీక కాలేకపోయింది, ఆమె కవితలో లేదు. ఆక్సిజన్ మాస్కు కింద పాలు పిండుకుంటున్న నర్సు లేదు.

మా చెల్లి నన్ను నిందించలేదు. ఒకే ఒక్కసారి, రెండేళ్ల తర్వాత, వాళ్లింట్లో పప్పు రుబ్బుతూ అంది: “నేను నిన్ను పర్మిషన్ అడగలేదక్కా. నీకు తెలిసింది చెప్పమన్నాను.” గ్రైండర్ మోతలో నేను విననట్టు ఊరుకున్నాను.

ఇప్పుడు మనం చేయాల్సిన పని ఉంది. కొత్త టీకాలు, కొత్త మందులు వస్తూనే ఉంటాయి, వాటి ప్రయోగాల నియమావళి మీద చర్చలూ జరుగుతాయి. అక్కడ ‘గర్భిణుల్ని మినహాయించాలి’ అనే వాక్యం కనబడగానే సంతోషించి పక్కకి తప్పుకోవడం మానేద్దాం. ఎందుకు మినహాయిస్తున్నారు, ఎప్పుడు చేర్చుకుంటారు, ఏ భాషలో ఎవరికి చెబుతారు, సంతకం ఎవరిది, నష్టం జరిగితే పరిహారం ఎవరిస్తారు అని అడుగుదాం. కంపెనీల్ని నమ్మమని నేను అనడం లేదు. నమ్మకుండానే లోపలికి వెళ్లి లెక్క అడగమంటున్నాను.

రెండోది మన చేతిలో పని. 2020, 21లలో కాన్పు అయిన ఆడవాళ్లు మన ఇళ్లలో, మన క్లాసుల్లో, మన పక్క వాటాల్లో ఉన్నారు. ఆ పిల్లల్లో బతికినవాళ్లు బడికి వెళుతున్నారు. ఏ ఆస్పత్రి గేటు తెరిచింది, ఏది మూసింది, సంతకం ఎవరు పెట్టారు, పిల్లని ఎన్నో రోజున ఎత్తుకున్నారు, పాలు ఏం చేశారు - వాళ్ల మాటల్లో వాళ్లు చెప్పగా రాసుకుందాం. తెలంగాణ పోరాటంలో ఆడవాళ్లు చెప్పినవి ‘మనకు తెలియని మన చరిత్ర’గా రావడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. ఇది అంత ఆలస్యం కానక్కర్లేదు. డిసెంబరు సెలవుల్లో నేను మొదలుపెడుతున్నాను, కలిసి వచ్చేవాళ్లు పత్రికకి రాయండి. మొదటి కథ మా చెల్లి చెబుతానంది. ఆమె పేరు వేయొద్దంది. ఈ వ్యాసం చదివి ఒక్కటి దిద్దింది: పిల్లని ఏడో రోజు కాదు, ఎనిమిదో రోజు చెప్పారట. ఏడో రోజు తను ఇంకా పాలు పిండుతూనే ఉందట.